మూత పెట్టిన కుంకుమ భరిణె

2003 వేసవి. పుంగనూరులోని ఆ చిన్న ఇంట్లో పొద్దున్నే హడావుడి మొదలైంది. పిల్లల్ని బస్టాండు దాకా తీసుకుపోవడానికి మునికుమార్ తన ఆటో తుడిచి, వెనక సీటు మీద దుప్పటి పరిచాడు. కూతురు నవనీతకు ఏడేళ్ళు, కొడుకు నాగేంద్రకు ఐదు. ఇద్దరికీ తలసేమియా. మూడు వారాలకొకసారి కుప్పం ఆసుపత్రికి తీసుకెళ్ళి రక్తం ఎక్కించకపోతే, పిల్లలు పాలిపోయి నాలుగడుగులు కూడా వేయలేరు. బస్సులో తినడానికి అతని భార్య అనిత చిత్రాన్నం కలుపుతోంది.

రంగనాయకమ్మ గడపలో కూర్చుని కొడుకునే చూస్తోంది. పదో తరగతి తప్పినవాడు, పోయినసారి ఎవరికి ఎంత ఎక్కించారో డాక్టరుకే గుర్తు చేస్తాడు. వీధిలో ఎవరు ఎదురైనా ఆ మాట చెప్పనిదే ఆమె వదలదు.

అంతలో మదనపల్లె నుంచి రాములమ్మ వచ్చింది. రంగనాయకమ్మకు అన్న భార్య, అనితకు కన్నతల్లి. కొడుకు భానుప్రకాశ్ పెళ్ళికి బొట్టు పెట్టి పిలవాలని వచ్చింది. రంగనాయకమ్మకు పెట్టింది, అనితకు పెట్టింది. నవనీత కూడా నుదురెత్తి ఎదురుగా నిలబడింది. రాములమ్మ భరిణెకు మూత పెట్టేసింది.

తర్వాత అసలు సంగతి మెల్లగా బయటపెట్టింది. పెళ్ళికూతురి వాళ్ళది బయటి సంబంధమట. ఈ పిల్లల్ని చూస్తే పెళ్ళికొడుకులోనూ ఆ జబ్బుందేమోనని వెనక్కి పోతారట. అందుకని అనిత ఒక్కతే రావాలట, పిల్లలతో మునికుమార్ ఇంట్లోనే ఉండాలట.

అనిత చేతిలో గరిటె ఆగిపోయింది. రంగనాయకమ్మకు ఒళ్ళు మండిపోయింది. సొంత అమ్మమ్మ అనవలసిన మాటేనా ఇది?

“నీ బిడ్డ కడుపున పుట్టినోళ్ళను దాసిపెట్టి పెండ్లి చేస్తావా వదినా? ఆటో స్టాండులో వాళ్ళు నా కొడుకు పిలిస్తే పని ఇడిసిపెట్టి కుప్పం వచ్చి రక్తం ఇస్తాండారు. ఏ కులమో, ఏ మతమో. మేనమామ అయ్యుండి నీ కొడుకు ఒక్కసారన్నా వచ్చినాడా?”

రాములమ్మ కూడా తగ్గలేదు. “మా ఇంట్లో యాడా లేని జబ్బు ఇది. మీ ఇంటికి ఇచ్చినాకే వచ్చింది” అనేసింది.

ఆ నిందే తిప్పి అనిత మీద రంగనాయకమ్మ ఎన్నిసార్లు వేసిందో లెక్కలేదు. తల్లిదండ్రులిద్దరి రక్తంలోనూ ఆ లోపం దాగి ఉంటేనే పిల్లలకు వస్తుందని, మేనరికంలో ఆ ప్రమాదం ఎక్కువని డాక్టరు చెప్పినా చెవిన పెట్టలేదు. పెళ్ళి మాటలప్పుడు, చిన్నప్పుడు ఎత్తుకుని ఆడించిన పిల్లను ఎట్లా చేసుకునేదని మునికుమార్ వద్దన్నాడు. రెండు రోజులు అన్నం మానేసి ఒప్పించింది తనే.

“తప్పు నాది వదినా” అంది. “పట్టుపట్టి మేనరికం చేసింది నేను. ‘యాల చేసినావమ్మా’ అని వాడు ఒక్కనాడన్నా అడగలా. పిల్లల్ని హోములో ఇడిసిపెట్టమన్నోళ్ళు ఉండారు, ఇంకో పెండ్లి చేసుకోమన్నోళ్ళు ఉండారు. వాడు మాత్రం ఇద్దర్నీ భుజాన ఏసుకుని తిరగతాండాడు. అట్లాంటోడు పందిట్లో నిలబడితే మీకు తలవంపులా?”

అప్పుడు మునికుమార్ నోరు తెరిచాడు.

“మేము రాకపోయినా ఏం కాదత్తా. భానుకు, ఆ పిల్లకు ముందు రక్తం పరీక్ష చేపించు. ఇది దాస్తే రేపు వాళ్ళ బిడ్డలకూ ఈ సూదులే.”

అతని గొంతులో కోపం లేదు. రాములమ్మ తల దించుకుంది. కళ్ళు తుడుచుకుని భరిణె తెరిచింది. నవనీత ముందుకు రాలేదు. తండ్రి ముఖం చూసింది. అతను తలూపాకే వచ్చి నుదురెత్తింది.

తనైతే రాములమ్మ చేతిని తోసేసి ఉండేదని రంగనాయకమ్మకు తెలుసు. తన కడుపున పుట్టినవాడు తనకన్నా ఎంత పెద్దవాడయ్యాడో అనుకుని, ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత లేచి కోడలి దగ్గరికి పోయి, ఆమె చేతిలోని గరిటె తను తీసుకుంది.

బస్సుకు వేళయింది. ఆ రోజు రాములమ్మ మదనపల్లెకు తిరిగి పోలేదు. నాగేంద్రను ఎత్తుకుని, కుప్పం పోవడానికి తనూ ఆటో ఎక్కింది.