లెక్కలోకి వచ్చిన వదిన

ముందు గదిలో, ఇస్త్రీ బల్ల పక్కన, శేషం సార్ బోర్లా పడి ఉన్నాడు.

తల వెనక ఒకటే దెబ్బ. లోతైన దెబ్బ. పక్కనే ఇస్త్రీ పెట్టె. దాని ప్లగ్ గోడ నుంచి ఊడి నేల మీద పడి ఉంది. సగం ఇస్త్రీ అయిన తెల్ల చొక్కా ఒకటి ఉండలా నలిగి మూలకి చేరింది.

ఇన్‌స్పెక్టర్ వంగి, ఇస్త్రీ పెట్టె దగ్గరికి అరచెయ్యి తీసుకెళ్ళింది. ఇంకా వెచ్చగా ఉంది. టైమ్ చూసుకుంది. ఏడూ ముప్పావు.

గుమ్మం లోపల రెండు బకెట్ల నిండా నీళ్ళు. వాటి పక్కన గోడకి ఆనుకుని ఒక పెద్దావిడ కూర్చుంది. ఏడవడం లేదు. బకెట్లలోకి చూస్తోంది.

"ఈవిడ ఎవరు?"

"వదినగారట మేడమ్," అన్నాడు రైటర్. స్టేషన్లో రాతపనంతా అతనిదే. "ఆయన అన్న భార్య. అన్న పోయి చాలాకాలమైంది. అప్పట్నించీ ఈయనకి ఈవిడే వండిపెడుతోంది."

"ఏం చేస్తుంటారు?"

"ఏమీ చెయ్యదు మేడమ్. ఇంట్లో ఖాళీయే."

ఆ ముక్క అలాగే కాగితం మీదికి ఎక్కింది.

వదిన చెప్పింది తక్కువ. పొద్దున్నే ఇస్త్రీ చేస్తుంటే వెనక వీధిలో నీళ్ళ ట్యాంకర్ హారన్ మోగింది. ఆలస్యమైతే చుక్క దొరకదు. ప్లగ్ తియ్యడం కూడా మరిచిపోయి బకెట్లు పుచ్చుకుని పరిగెత్తింది. నీళ్ళు పట్టుకుని, మూడంతస్తులు మోసుకుంటూ వచ్చేసరికి మరిది ఇలా ఉన్నాడు. తలుపు దగ్గరగా వేసి ఉంది. ఎవరూ కనబడలేదు.

ఇరుగుపొరుగు కూడా ఎవరినీ చూడలేదు. అంతా ట్యాంకర్ దగ్గరే ఉంటే ఇక చూసేదెవరు? వదినని క్యూలో చూశామన్నారు. ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు వెళ్ళిందో ఎవరికీ గుర్తులేదు. నీళ్ళ దగ్గర ఎవరి బకెట్ వాళ్ళకి ముఖ్యం.

ఇస్త్రీ పెట్టె పిడి మీద ఒక్కరి వేలిముద్రలే దొరికాయి. వదినవి.

ఆమె చేతిసంచిలో ఒక కవరు దొరికింది. దాని మీద శేషం సార్ ఆఫీసు ముద్ర. లోపల కొత్త నోట్లు.

"ఇది ఎక్కడిది పెద్దమ్మా?" అంది ఇన్‌స్పెక్టర్.

"జీతం."

"ఎవరి జీతం?"

"నాదే తల్లీ. మా మరిది ఇచ్చాడు. ఇవాళ పొద్దున్నే. ఇన్నాళ్ళకి ఇవాళ్టి నుంచి మొదలు."

రైటర్ పెదవి విరిచాడు. వదినకి జీతమిచ్చే మరిదిని తన సర్వీసులో చూడలేదని గొణిగాడు.

"ఇస్తూ ఏమన్నారు?"

"వదినా, ఇవాళ నీ మూలంగా దేశం ఒక పిసరు పెరిగింది, అన్నాడు. నవ్వాడు కూడాను. వాడి మాటలు నాకెప్పుడు అర్థమయ్యాయి కనక."

ఇన్‌స్పెక్టర్‌కీ అర్థం కాలేదు.

పై ఆఫీసర్ ఫోన్లోనే తేల్చేశాడు. వేలిముద్రలు ఉన్నాయి, డబ్బు ఉంది, మనిషి ఉంది, ఇంకేం కావాలి? రేపు పొద్దున్న కోర్టుకి, అట్నుంచి జైలుకి. ఆ వయసులో జైలుకెళ్తే వదిన తిరిగి రాదు. ఇన్‌స్పెక్టర్ చేతిలో ఉన్నది ఈ ఒక్క పగలే.

*

శేషం సార్ ఆఫీసు నాలుగో అంతస్తులో ఉంది. అక్కడ దేశం మొత్తానికి లెక్క కడతారు. ఏడాదిలో ఎంత తయారైంది, ఎంత ఖర్చయింది, ఎంత మిగిలింది. పొలాలన్నీ ఒక గదిలో, ఫ్యాక్టరీలన్నీ ఇంకో గదిలో, కుటుంబాలన్నీ వరండా చివరి గదిలో. ఫ్యాన్లు కిర్రుమంటున్నాయి. మనుషులు మాట్లాడుకోవడం లేదు.

ఇన్‌స్పెక్టర్ ముందు ధరల మేడమ్‌ని పిలిపించింది. ధరల విభాగం చూస్తుంది కనక ఆఫీసంతా ఆమెని అలాగే అంటుంది. ఆమె కళ్ళు వాచి ఉన్నాయి.

శేషం సార్‌కి ఆ పేరెలా వచ్చిందో ఆమే చెప్పింది. దేశం లెక్కని రెండు దారుల్లో కడతారు. తయారైనదంతా కూడితే ఒక అంకె. ఖర్చయినదంతా కూడితే ఇంకో అంకె. రెండూ కలవాలి. ఏనాడూ కలవవు. మధ్య కొంత తేడా మిగిలిపోతుంది. మిగతావాళ్ళు దాన్ని ఏదో ఒక పద్దు కిందికి తోసి చేతులు దులుపుకుంటారు. ఆయన మాత్రం ఆ శేషం ఎక్కణ్ణుంచి వచ్చిందో తేలేదాకా కుర్చీలోంచి లేవడు.

ఈమధ్య ఆయన కంట్లో పడింది కరెంటు కంపెనీ పద్దు. కంపెనీ పాత లైన్లకి మరమ్మతులు చేయించింది. ఆఫీసులో ఎవరో వాటిని కొత్త లైన్లుగా చూపించారు. మరమ్మతు అయితే కంపెనీ ఖర్చుల్లో కొట్టుకుపోతుంది. కొత్త లైనయితే దేశం సంపాదనలో కలుస్తుంది. ఈ ఏడాది దేశం ఎదిగిందా, తగ్గిందా అన్నది ఆ ఒక్క పద్దు మీదే ఆగి ఉంది. మార్చిందెవరో తెలిసిందని సార్ అన్నాడట. పేరు చెప్పలేదట.

"ఆయన ఇంట్లో ఎవరెవరు ఉంటారు?"

"సారూ, వాళ్ళ వదినగారూ. పాపం ఆవిడేం చెయ్యరు, ఇంట్లోనే ఉంటారు."

తర్వాత డిప్యూటీ వచ్చాడు. శేషం సార్ తర్వాతి కుర్చీ అతనిదే. నలభై దాటిన మనిషి. పొడుగు చేతుల చొక్కా. ఎడమ మణికట్టుకి కట్టు.

"చేతికేమైంది?"

"టీ ఒలికింది."

"పొద్దున్న ఏడింటికి ఎక్కడున్నారు?"

"ఇంట్లో. ఒక్కణ్ణే."

"సార్ ఇంటికి చివరిసారి ఎప్పుడు వెళ్ళారు?"

"రెండు నెలలైంది. అంతకుముందు వారం వారం వెళ్ళేవాణ్ణి. ఆ ఇంటి అన్నం చాలా తిన్నాను."

"ఎవరెవరు ఉంటారక్కడ?"

డిప్యూటీ తడుముకోలేదు. ఇరవయ్యేళ్ళుగా కుటుంబాల గదిలో ఏ ఇంట్లో ఎవరున్నారో లెక్క చెప్పిన నోరు అది.

"కుటుంబ సభ్యుడు ఒక్కరే, మా సార్. జీతానికి పనిచేసే మనిషి ఒకరు."

రైటర్ రాసుకున్నాడు. ఇన్‌స్పెక్టర్ తల ఊపింది. మరమ్మతుల పద్దు గురించి అడిగితే తనకేమీ తెలియదన్నాడు. మధ్యాహ్నానికల్లా ఆ అంతస్తులో అందరి మాటలూ అయిపోయాయి. చేతికి చిక్కింది మాత్రం ఏమీ లేదు.

*

స్టేషన్‌కి తిరిగొచ్చేసరికి సెంట్రీ చిత్రంగా ముఖం పెట్టాడు.

"మేడమ్, ఆవిడ లాకప్ ఊడ్చేసింది."

"ఎవరు ఊడ్వమన్నారు?"

"ఎవరూ అనలేదు. చీపురు అడిగింది, ఇచ్చాను. గోడల బూజు కూడా దులిపింది. మనం జీతమిచ్చి పెట్టుకున్న మనిషి ఒక్కనాడు ఇలా ఊడ్చిన పాపాన పోలేదు."

ఇన్‌స్పెక్టర్ లాకప్ వైపు చూసింది. నేల తళతళలాడుతోంది. అదే చీపురు, అదే నేల. జీతం ఉన్న మనిషి. జీతం లేని మనిషి.

ఆమె గబగబా ధరల మేడమ్‌కి ఫోన్ చేసింది. 'ఇవాళ నీ మూలంగా దేశం ఒక పిసరు పెరిగింది' అని సార్ వాళ్ళ వదినతో అంటే, దానికి అర్థమేమిటి?



"ఇంట్లోవాళ్ళు ఇంటికి చేసుకునే చాకిరీ మా లెక్కలోకి రాదండీ," అంది ధరల మేడమ్. "వంటా, ఇస్త్రీ, పెద్దవాళ్ళకి సేవ, ఏదీ రాదు. బయటినుంచి నీళ్ళు మోసుకొస్తే వస్తుంది. ఆ నీళ్ళతో ఇల్లు కడిగితే రాదు. అదే పని జీతమిచ్చి చేయించుకుంటే మాత్రం మొత్తం వస్తుంది. సార్‌కి అది ముల్లులా గుచ్చుకునేది." గొంతు మారింది. "అంటే... ఆయన వదినగారికి జీతం ఇచ్చారా? ఎప్పుడు? మాకెవరికీ తెలీదే."

ఇన్‌స్పెక్టర్ ఫోన్ పెట్టేసింది. రైటర్ వైపు తిరిగింది.

"డాక్టర్ని పిలిపించు. డిప్యూటీని ఆఫీసు దాటనివ్వొద్దు."

*

సాయంత్రం అయిదున్నరకి శేషం సార్ గదిలో నలుగురు కూర్చున్నారు. వదిన, ధరల మేడమ్, డిప్యూటీ, ప్రభుత్వ డాక్టరు. సార్ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

ఇన్‌స్పెక్టర్ నిలబడే మాట్లాడింది.

"డిప్యూటీగారూ, ఈవిణ్ణి మీరేమని పిలిచేవారు?"

అతను తల దించుకున్నాడు. జవాబు వదిన చెప్పింది. "వదినగారూ అనేవాడు. కూర ఇంకాస్త వెయ్యండి వదినగారూ అని అడిగి మరీ వేయించుకునేవాడు."

"పొద్దున్న మాత్రం జీతానికి పనిచేసే మనిషి అన్నారు."

"నోరు జారింది మేడమ్."

"జారితే బాగుండేది. సరిగ్గా చెప్పారు, చిక్కంతా అక్కడే వచ్చింది. ఈవిడ నిన్నటిదాకా మీ లెక్కలో లేదు. ఇవాళ తెల్లవారాక జీతం పుచ్చుకుంది, లెక్కలోకి వచ్చింది. మా పోలీసులు కాక ఆ సంగతి ప్రపంచంలో ఇద్దరికే తెలుసు. ఒకరు ఈవిడ. ఇంకొకరు చచ్చిపోయారు. రెండు నెలలుగా ఆ గడప తొక్కని మీకు ఎవరు చెప్పారు?"

డిప్యూటీ ఎడమ చెయ్యి బల్ల కిందికి లాక్కున్నాడు.

"పిడికి చొక్కా చుట్టి పట్టుకున్నారు. అందుకే మీ వేలిముద్రలు లేవు. ఎత్తి కొట్టేటప్పుడు కాలుతున్న అంచు రెండో చేతికి తగిలింది. డాక్టర్‌గారూ."

డాక్టరు కట్టు విప్పాడు. టీ ఒలికితే ఒళ్ళు మచ్చలు మచ్చలుగా కాలుతుంది. అక్కడ ఉన్నది గీత గీసినట్టు తిన్నటి వాత. చివర ఇస్త్రీ పెట్టె మొనలా సన్నబడింది.

డిప్యూటీ చాలాసేపు ఆ వాతనే చూశాడు.

"బతిమాలుకుందామనే వెళ్ళాను," అన్నాడు చివరికి. "దేశం ఎదిగిందని పైవాళ్ళకి మాటిచ్చేశాను. మరమ్మతులని రాస్తే నా బతుకు పోతుంది. వెళ్ళగానే, వదినగారేరి, కాఫీ ఏదీ అన్నాను. ఆవిడిప్పుడు జీతం మనిషి, కాఫీ కూడా లెక్కలోకి వస్తుంది అని సార్ నవ్వాడు. పద్దు సంగతి ఎత్తాను. రేపే సరిచేస్తానన్నాడు. అదే నవ్వు. నవ్వుతూనే అటు తిరిగాడు."

ధరల మేడమ్ చేత్తో నోరు మూసుకుంది. వదిన మాత్రం అతని వైపు తేరిపార చూసింది.

"నీకు ఎన్నిసార్లు వడ్డించానురా," అంది. అంతే అంది.

*

చీకటిపడేలోగా ఇన్‌స్పెక్టర్ ఆమెని జీపులో ఇంటికి తీసుకొచ్చింది. మెట్ల మీద వదిన కవరు గురించి అడిగింది. కేసు తేలేదాకా అది కోర్టులోనే ఉంటుందని చెప్పక తప్పలేదు.

"పోనీలే తల్లీ," అంది వదిన. "ఇచ్చినవాడే పోయాడు. మళ్ళీ నేను లెక్కలో లేనట్టేగా?"



తలుపు తీశారు. ముందు గదిలో నెత్తురు ఎండి నల్లగా అట్టకట్టింది. పోలీసులు పోలీసు పని చేసుకుని వెళ్ళారు. కడగడం ఎవరి పనీ కాదు. గుమ్మం లోపల రెండు బకెట్ల నీళ్ళు పొద్దున్న పెట్టినచోటే ఉన్నాయి.

వదిన మూలనుంచి పాతగుడ్డ తెచ్చుకుంది. ఒక బకెట్ ముందుకి లాక్కుంది. నేల మీద మోకాళ్ళు ఆనించి కూర్చుంది.

"కాస్త కాళ్ళు తియ్యమ్మా," అంది.