చారుతాతకి చెప్పిన మాట

మా ఆయన ఉద్యోగం పుణ్యమా అని ఈ దేశం వచ్చి పద్నాలుగు నెలలు. ఆయన రాత్రి ఎనిమిదికి గానీ ఇల్లు చేరరు. అందుకని సాయంత్రం అయిదుకి పిల్లలిద్దరినీ తీసుకుని నడకకి బయల్దేరడం అలవాటైంది. పెద్దదానికి పదకొండు, చిన్నదానికి ఆరు. సంచిలో స్వెటర్లు, నీళ్ళసీసా, దగ్గుమందు సర్దుతుంటే పెద్దది ఎగతాళి చేసేది. "అమ్మా, మనం నడకకి వెళ్తున్నామా, ఇల్లు ఖాళీ చేస్తున్నామా?"

నడక ఎటు మొదలైనా తేలేది మాత్రం మలుపులో ఉన్న నాలుగు బల్లల హోటల్లోనే. ముసలాయన ఒక్కడే వండి, ఒక్కడే వడ్డించేవాడు. మిరియాలు, వెల్లుల్లి వేసిన సూప్ పొగలు కక్కుతూ వచ్చేది. పిల్లలు ఆయనకి చారుతాత అని పేరు పెట్టారు.

"నీ చారుకంటే ఇదే నయం," అనేది చిన్నది మొహమాటం లేకుండా. ఇంట్లో ముద్దముద్దకీ బతిమాలించుకునే పిల్ల అక్కడ గిన్నె నాకేసేది.

లేచేటప్పుడు 'వెళ్తాం' అనకూడదు, 'వెళ్ళొస్తాం' అనాలని పిల్లలకి నేర్పాను. వాళ్ళు తాతకి నేర్పారు. మన భాషలో ఆయనకి తెలిసిన మాట అదొక్కటే. మేం అది అనేదాకా గుమ్మంలో నిలబడి, అన్నాక తలూపి లోపలికెళ్ళేవాడు. ఆయనకి నా అన్నవాళ్ళు లేరు.

ఒకరోజు వెళ్ళేసరికి షట్టర్ దించి ఉంది. పొయ్యి దగ్గరే కూలిపోయాడని పక్క బేకరీ ఆవిడ చెప్పింది. ఆఖరిచూపు కోసం వెనకగదిలో ఉంచారట. పిల్లల్ని తీసుకెళ్ళాలా వద్దా అని గంటసేపు కొట్టుమిట్టాడి, చివరికి తీసుకెళ్ళాను. మేం ముగ్గురం, బేకరీ ఆవిడ. అంతే జనం. తిరిగొస్తూ, అలవాటు కొద్దీ, నేనే అనేశాను.

"వెళ్ళొస్తాం తాతా."

ఫోన్లో ఆ సంగతి చెబితే అమ్మ కసురుకుంది. "చావింట్లో ఆ మాట అంటారా ఎవరైనా? చెప్పకుండా వచ్చెయ్యాలి గానీ."

మర్నాటి నుంచి చిన్నది తిండి మానేసింది. డాక్టరు చూసి ఏమీ లేదన్నాడు. అయిదయ్యేసరికి బూట్లు వేసుకుని తలుపు దగ్గర కూర్చునేది.

"తాత గుమ్మంలోనే నిలబడున్నాడమ్మా. కాళ్ళు నొప్పెడతాయి కదా."

"ఎవరు చెప్పారు నీకు?"

"వస్తామని నువ్వే అన్నావుగా."

పది రోజులకి పిల్ల మెడ ఎముకలు తేలాయి. ఇక నా మాట నేనే వెనక్కి తీసుకోవాలి. పెద్దదాన్ని ఒంటరిగా ఇంట్లో వదల్లేక ఇద్దరినీ వెంటబెట్టుకుని బయల్దేరాను. చలికాలం. అయిదింటికే చీకటి. షట్టర్ సగం ఎత్తి ఉంది. సామాను పట్టుకెళ్ళినవాళ్ళు దించడం మర్చిపోయారేమో. వంగి లోపలికెళ్ళాం. బల్లల్లేవు. పొయ్యి లేదు. తడిసిన సున్నం వాసన... దాని అడుగున, పల్చగా, మిరియాల వాసన.

వెనకగదిలో గరిటె గిన్నెకి తగిలిన చప్పుడు. ఆగింది... మళ్ళీ.

"అమ్మా, పోదాం," పెద్దది గుసగుసలాడింది.

"తాతా..." వెనకగది వైపు తిరిగి అన్నాను. "మేం వెళ్తున్నాం. ఇక రాం. పిల్లని వదిలెయ్యండి."

చప్పుడు ఆగిపోయింది. ఎవరో ఊపిరి పీల్చుకుని, వదలడం మర్చిపోయినట్టు నిశ్శబ్దం. నా బిడ్డకి కడుపునిండా పెట్టిన మనిషికి అలాంటి మాట చెప్పానే అని కళ్ళనీళ్ళు తిరిగాయి.

చీకట్లో చేతికందిన చేతులు పట్టుకుని బయటపడ్డాను. వెనక్కి చూడలేదు. మా వీధి మొదట్లోకి వచ్చాక చిన్నది అంది.

"అమ్మా, ఆకలేస్తోంది."

పోయిన ప్రాణం లేచొచ్చింది. "ఏం తింటావు నా తల్లీ?" అని తిరిగాను. మాట కుడివైపు నుంచి వచ్చింది. అక్కడ పెద్దది నా చెయ్యి పట్టుకుని నడుస్తోంది. దాని అవతల, అక్క చెయ్యి పట్టుకుని చిన్నది.

"చెల్లి అక్కడి నుంచీ నా దగ్గరే ఉందిగా," అంది పెద్దది.

నా ఎడమచెయ్యి ఖాళీగా లేదు.

వేళ్ళు ముడతలుగా, వెచ్చగా ఉన్నాయి. గట్టిగా పట్టుకోలేదు. కొంచెం వణుకుతున్నాయి... విదిలించుకోవాలనుకున్నాను. విదిలించుకోలేకపోయాను. అటు తిరిగి చూడనూ లేదు.

మా ఇంటి మెట్లు వచ్చాయి. మొదటి మెట్టు ఎక్కగానే, నొప్పెడుతున్న కాళ్ళతో తనూ ఎక్కుతున్నట్టు, ఆ చెయ్యి నా చేతిలో బరువైంది.