ఓటమిలో రజిత వంతు

పాలు విరగడంలో తన వంతు ముప్పాతిక అని హేతుకంకణం చెప్పేసరికి స్వరూప మారుమాట లేకుండా గిన్నె కడిగేసింది. ఊళ్లో ఇప్పుడెవరూ దేనికీ వాదించుకోరు. బస్సు ఆలస్యమైనా, కాపురం చెడినా, అందులో ఎవరెంత కారణమో ముంజేతి మీది ఆ పట్టీ తేల్చేస్తుంది. స్వరూప భర్త కూడా అలాగే వెళ్లిపోయాడు. ఎవరి తప్పు ఎక్కువో తేలిపోయాక పోట్లాడుకోవడానికి ఏమీ మిగల్లేదు. సంచీ సర్దుకుని, గుమ్మం దగ్గరైనా ఆగకుండా పోయాడు.

ఇప్పుడు రజిత కూడా దూరమవుతుందేమోనని ఆమెకు దడ.

రజిత పక్కింటి మనిషి. ఆట చూడటానికి ఇన్నేళ్లుగా ఆమె ఒక్కతే తోడు. బొగ్గు అయిపోయిన ఓపెన్‌కాస్ట్ గని గుంతనే గోదావరిఖని వాళ్లు ఫుట్‌బాల్ మైదానం చేసుకున్నారు. తవ్వకపు మెట్ల మీదే జనం కూర్చుంటారు. అక్కడ ఒక్కరు అరిస్తే గుంతంతా మారుమోగుతుంది. నిన్న ఖని జట్టు ఆఖరి నిమిషంలో ఒక్క గోల్ తేడాతో ఓడింది. ఆ ఓటమిలో ప్రేక్షకులందరిలోకీ పెద్ద వంతు రజితదేనని అందరి కంకణాలూ చెప్పాయి. "ముందుకు రా బిడ్డా!" అని ఆమె అరిచింది. గోల్‌కీపర్ నక్షత్ర అడుగు ముందుకేసింది. బంతి ఆ పిల్ల తల మీదుగా వెళ్లిపోయింది.

స్వరూప వెళ్లేసరికి రజిత మంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉంది.

"లెవ్వే. ఎడమ దిక్కు ఆడే పిల్లకు కాళ్లు గుంజుతున్నా కోచ్ మార్చలే. మధ్యల బంతి ఇడిసిపెట్టిండ్రు. నీ ఒక్క కేకకే ఓడినమా?"

"కంకణం అబద్ధం చెప్తదా?"

"నీ కేక ఇని ఆ పిల్ల ఎన్ని బంతులు ఆపలే? గెలిచిన నాడు ఎవలన్న కంకణం జూస్కుంటరా?"

"పొద్దుగాల కూరగాయలామె నా మొకం గూడ జూడలే. ఇగ నేను రాను."

"నోరు మూస్కోనన్న కూసో. నేనొక్కదాన్నే పోయి ఎవలతోని కొట్లాడాలె?"

రజితకు నవ్వొచ్చింది. "సచ్చేదాంక సతాయిస్తవ్ గదనే" అంటూ ఒప్పుకుంది.

తర్వాతి ఆటకు వచ్చింది. పెదవులు బిగించుకుని కూర్చుంది. ఆమెకు జరిగింది చూసిన భయంతో మెట్ల మీద మిగతావాళ్లూ నోరు విప్పలేదు. గుంతలో బూట్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. నక్షత్ర మాటిమాటికీ తలెత్తి పైకి చూసింది. చివర్లో అవతలి జట్టుకు కార్నర్ పడింది. ముందుకు రావాలా, అక్కడే నిలబడాలా? ఆమె చూపు రజితను వెతుక్కుంది. రజిత కొంగు నోట్లో కుక్కుకుంది. బంతి వలలో పడింది.

మళ్లీ ఒక్క గోలే తేడా.

"జూడే!" రజిత ముంజెయ్యి చాపింది. చాలా రోజులకు ఆమె మొహం తేటపడింది. "నాది సున్న. అంత ఆ పిల్లదేనట."

"ఆ పిల్ల నీ కేక కోసమే ఆగిందే."

"నేను అరవనే లేదు గద!"

నిజమే. అరవని అరుపుకు వంతు కట్టడం కంకణానికి తెలియదు.

"గిట్లనే మంచిగుంది" అంటూ రజిత లేచింది. "ఇగ రానే స్వరూపా. నువ్వు గూడ మా ఇంటికి... ఏం మాట్లాడితే ఏమైతదో."

మోకాళ్లు పట్టుకుంటూ మెట్లెక్కసాగింది. కింద నక్షత్ర గ్లౌజులైనా విప్పకుండా వల పక్కనే నిలబడి ఉంది.

పిలుద్దామని స్వరూప నోరు తెరిచింది. వెనక నుంచి పిలిస్తే రజిత తిరిగి చూస్తుంది. తిరిగితే మెట్టు తప్పవచ్చు. అప్పుడా వంతు ఎవరిది?

స్వరూప నోరు మూసుకుంది.