ఖురియాత్ మలుపులో గవ్వల బొంత

గల్ఫ్‌లో ఖురియాత్ తోటల వైపు వెళ్ళే దారిలో, మలుపు దగ్గర ఒక రాతి షెడ్డు ఉంది. పగలు చూస్తే ఏముంది... ఖర్జూరం బస్తాలు, మేకల దాణా. పొద్దుగూకాక మాత్రం ఆ దారి పట్టిన డ్రైవర్ ఎవడూ అద్దం దించడు.

కారు మలుపు తిరగ్గానే గోడ మీద కళ్ళు తెరుచుకుంటాయట. కారు దాటగానే మూసుకుంటాయట! ఎన్ని కళ్ళంటే మాత్రం ఒకరి మాట ఒకరికి కుదరదు. హమ్రియా టీ కొట్లో ఏడు. బౌషర్ చేరేసరికి ఇరవై. బస్తాలెత్తే కూలీలు లెక్కపెట్టడానికి ఆగలేదు — పనే మానేశారు.

ఆ తోట కాపలాదారు నర్సయ్య. జగిత్యాల దగ్గర పల్లె. షెడ్డు వెనకే అతని రూమ్. ఏళ్ళ తరబడి అక్కడ పడుకుంటున్నా ఒక్క కన్నూ కనబడలేదతనికి. ఎనిమిదింటికే గురక పెట్టేవాడికి ఏం కనబడుతుంది?

అతను గల్ఫ్‌కి బయల్దేరిన రోజు తల్లి కనకవ్వ తన గవ్వల బొంత మడిచి పెట్టెలో పెట్టింది. ఆమెకి వాళ్ళమ్మ నేర్పిన కుట్టు అది. తన పసుపు చీర ముక్కలతో తొమ్మిది గవ్వలు, చుట్టూ మొగుడి తెల్ల ధోతి. ఎయిర్‌పోర్టులో బరువెక్కువైంది, ఏదో ఒకటి తీసెయ్యమన్నారు. నర్సయ్య బాగా ఆలోచించి... మామిడికాయ పచ్చడి ఉంచుకుని బొంత ఇంటికి తిప్పి పంపాడు.

పచ్చడి నెల తిరక్కుండా అయిపోయింది. కనకవ్వ పోయినేడాది పోయింది. పోయినవాళ్ళ పక్కబట్టలు ఇంట్లో ఉంచరు కదా, బొంత కూడా ఆమె వెంటే పోయింది. నర్సయ్యకి సెలవు దొరకలేదు.

ఆ దుఃఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియక షెడ్డు గోడ మీద పెట్టాడు. సొంతూరివాడొకడు హైవేల మీద గీతలు గీసే కంపెనీలో పనిచేస్తాడు. మిగిలిపోయిన పసుపు, తెలుపు పెయింట్ డబ్బాలు తెచ్చిచ్చాడు. నర్సయ్య నాలుగు శుక్రవారాలు నిచ్చెనెక్కి, రోడ్డు వైపు గోడ మీద కనకవ్వ బొంతని గుర్తున్నంత మేరా గీశాడు. తోట యజమాని అబ్దుల్ వహాబ్ పగటిపూట వచ్చి చూసి, బాగుందని తలూపి వెళ్ళాడు.

మొన్నామధ్య ఒక శుక్రవారం నర్సయ్య హమ్రియా వచ్చాడు. టీ కొట్లో ప్రసాద్ బాబు కథ మొదలెట్టి ఉన్నాడు. భీమవరం మనిషి, ఆసుపత్రిలో పని. గొంతు తగ్గించాడు.

"నా కళ్ళతో చూశానండీ... ఆడమనిషి. ఒళ్ళంతా కళ్ళే. ప్రభువు నామం తలుచుకున్నాను కాబట్టి బతికాను. ఆ గోడ వెనక ఎవడో ఉంటాడంట... ఎలా బతికున్నాడో పాపం!"

"నేనే అన్నా... ఆడ ఉండేది," అన్నాడు నర్సయ్య.

బల్ల మీదివాళ్ళంతా ఓ జానెడు అవతలకి జరిగారు.

ఇన్నాళ్ళూ దెయ్యం పక్కనే పడుకున్నానని నర్సయ్యకి అప్పుడు తెలిసింది. సరిగ్గా అప్పుడే ఫోన్ మోగింది. అబ్దుల్ వహాబ్.

"నర్సయ్యా, కూలీ లోగ్ నహీ ఆతా. షెడ్ ఖలాస్! సుబహ్ జేసీబీ ఆయేగా."

కూలీలు రావట్లేదని తెల్లారి షెడ్డు కూల్చేస్తాడట. షెడ్డు పోతే గోడ పోతుంది. గోడ పోతే అవ్వ బొంత రెండోసారి పోతుంది. కనీసం ఫోటో అయినా తీసుకోలేదు. నర్సయ్యకి ఏడుపు ముంచుకొచ్చింది. దెయ్యం భయం ఒకవైపు, ఇది ఒకవైపు. టీ సగంలో వదిలేసి లేచాడు.

టాక్సీవాడు మలుపుకి అర కిలోమీటరు ఇవతలే దింపి బండి తిప్పేసుకున్నాడు.

చీకటి... గాలి కూడా లేదు... నర్సయ్య తల దించుకుని నడిచాడు. గోడ ముందు ఆగాడు. కళ్ళు గట్టిగా మూసుకుని ఫోన్ ఎత్తాడు. ఎంత మూసుకున్నా ఒక కన్ను తెరుచుకుంటుంది కదా...

ఫ్లాష్ పడింది.

గోడంతా కళ్ళు! పచ్చగా, నిప్పుల్లా, ఒక్కసారిగా తెరుచుకుని — అతన్నే చూశాయి.

చెప్పులు అక్కడే, నర్సయ్య ఎక్కడో! ఆ పరుగులో వెనకనుంచి ఒక మాట వినబడింది. ఏం మాటో ఇప్పుడే చెప్పను.

పంపు గదిలో దూరి గడియ పెట్టుకున్నాడు. చాలాసేపటికి ఫోటో తెరిచాడు.

కళ్ళు కావు. గవ్వలు. తొమ్మిది.

అది రోడ్డు పెయింట్ మరి. చీకట్లో లైటు పడితే మెరవడమే దాని డ్యూటీ. ప్రసాద్ బాబు చేత ప్రభువుని పిలిపించింది, కూలీల్ని తరిమింది, చివరికి గీసినవాణ్ణే పరిగెత్తించింది... కనకవ్వ కుట్టు! నర్సయ్య పగలబడి నవ్వాడు. ఆ నవ్వులోనే ఏడ్చాడు.

తెల్లారి జేసీబీ వచ్చింది. డ్రైవర్ ఖాదర్‌వలి కడప మనిషి. సీట్లోంచి దిగలేదు.

"అన్నా... ఈడ దెయ్యం ఉండాదంట. నిజమేనా?"

నర్సయ్య నోరు తెరిచి ఆగాడు. నిజం చెబితే షెడ్డు నిలుస్తుంది. కానీ మెరిసే గోడని ఎవరుంచుతారు? మధ్యాహ్నానికల్లా సున్నం కొట్టిస్తారు. తిండి బాగుందని పెళ్ళానికి ఫోన్‌లో చెప్పడం తప్ప ఇంకో అబద్ధం ఎరగడు నర్సయ్య.

"నిజమే తమ్మీ," అన్నాడు. "రాత్రి నేనే సూసిన. గోడ ముట్టినోన్ని ఇడ్సిపెట్టదు."

ఖాదర్‌వలి గొంతు గుసగుస అయింది. "ఏమన్నా... మాట్లాడిందా?"

"మాట్లాడింది."

"ఏమనింది?"

నర్సయ్య గోడవైపు చూశాడు.

"'సలి పెడ్తుందారా నర్సిగా... కప్పుకో' అన్నది."

జేసీబీ తిరగనైనా తిరగలేదు. వచ్చిన దారిన హైవే దాకా వెనక్కే వెళ్ళింది. అబ్దుల్ వహాబ్ కొత్త షెడ్డు ఇంకోచోట కట్టించుకున్నాడు. పాతదాన్ని ముట్టేవాడు లేడు.

నర్సయ్య ఆ పొద్దున ఖాదర్‌వలికి చెప్పినవన్నీ అబద్ధాలే. ఆ చివరి మాట ఒక్కటి మాత్రం... అతను కల్పించింది కాదు.