ఎదుటి కుర్చీ అక్క

ఆ వార్డుకు కిటికీల్లేవు. నర్సుల డ్యూటీ మారితేనే పొద్దుపోయిందని తెలిసేది. గాజుపెట్టెలో నా కూతురు, నెలలు నిండకుండా పుట్టిన పిడికెడు ప్రాణం. పాలు కడుపులోకి సన్నటి గొట్టం గుండా వెళ్లాలి. పోసే ముందు ప్రతిసారీ నర్సు సిరంజితో వెనక్కి లాగి చూసేది. పాత పాలు అరక్కుండా అలాగే వస్తే ఆ పూట పస్తే.

డబ్బా పాలు దానికి పడలేదు. పొట్ట ఉబ్బుతోంది. "తల్లిపాలైతే పేగు కోలుకుంటుందమ్మా," అనేది నర్సు. నాకేమో ఎంత పిండినా చుక్కే.

ఎదుటి కుర్చీలో ఒకావిడ తన కొడుకు కోసం సీసాల మీద సీసాలు నింపేది. వార్డులో తల్లులమంతా ఆమెకు కామధేనువని పేరు పెట్టాం. ఆ సీసాలు చూస్తే నాకు ఒళ్లు మండేది.

"చెల్లీ, నా పాలు పట్టించు. పిల్లకు పడతాయి," అంది ఓసారి.

"నా బిడ్డకు నేనున్నాను," అని మొహం తిప్పుకున్నాను.

కొన్నాళ్లకే ఆమె బాలింత జ్వరంతో పోయింది. పిల్లవాణ్ణి వాళ్లాయన వేరే ఆసుపత్రికి తీసుకుపోయాడు. కుర్చీ మిగిలింది.

మర్నాడు నర్సు సిరంజి లాగి ఆగిపోయింది. చిక్కటి పాలు. వెచ్చగా, తాజాగా.

"మీరేమైనా పోశారా?"

"లేదే..."

పాప పొట్ట మెత్తబడింది. బరువు పెరిగింది. అందరూ సంబరపడ్డారు. గాజుపెట్టె దగ్గర పచ్చిపాల వాసన, దాంతోపాటు జ్వరం వేడి. ఎవరో నాకు తెలుసు. సంతోషించాల్సింది పోయి కుళ్లిపోయాను. చచ్చి కూడా నా పని లాక్కుంటోందే!

ఆ సాయంత్రం కుర్చీ దగ్గరికెళ్లి పళ్లు బిగించి చెప్పాను. "నా కూతురి జోలికి రాకు."

రాలేదు.

మర్నాటికి సిరంజిలో ఆకుపచ్చటి పసరు. పొట్ట బిగిసి నిగనిగలాడుతోంది. పేగు దెబ్బతింటోంది, ఆపరేషన్ చెయ్యాలి, తట్టుకోవడం కష్టమే అన్నాడు డాక్టరు. వాళ్లు సిద్ధమవుతుంటే నేను కుర్చీ ముందు కూలబడ్డాను.

"అక్కా... రా."

యంత్రాల చప్పుడు తప్ప ఏమీ లేదు.

"తప్పయిపోయింది... రా అక్కా..."

కుర్చీ కిర్రుమంది. పచ్చిపాల వాసన. నా చెవి పక్కన వేడి ఊపిరి...

"ఎవరి బిడ్డ?"

గాజుపెట్టె దగ్గర అలారం మోగింది.

"నీదే," అన్నాను. "నీ బిడ్డే."

పాపను తీసుకెళ్లడానికి వచ్చిన డాక్టరు పొట్ట నొక్కి చూశాడు. మళ్లీ చూశాడు. ఆపరేషన్ వద్దన్నాడు.

ఇప్పుడు ఇంట్లో ఉన్నాం. పాప బొద్దుగా ఉంది. నాకూ పాలు పడ్డాయి, జాకెట్ తడిసిపోయేన్ని. కానీ పాప నోరే పెట్టదు. నా పాలు పిండి పారబోస్తున్నాను. ఆమె మీద ఈర్ష్యతో నిద్ర పట్టదు.

ఈ పొద్దున అత్తయ్య ఉయ్యాల్లోంచి పాపను తీసి భుజాన వేసుకుంది. పాప బ్రేవుమని తేన్చింది. పెదవి చివర పాలచుక్క.

"అప్పుడే పట్టేశావా? కడుపు నిండిపోయింది దీనికి," అని నవ్వింది అత్తయ్య.

నేనింకా మంచం దిగనే లేదు.