ఎక్కువ పన్ను వేయాలన్న అమ్మాయి

వాన తగ్గేదాకా నిలబడదామని లైబ్రరీ హాల్లో దూరాను, అంతే. చర్చలూ గిర్చలూ నాకు పడవు. నేను పళ్ళ డాక్టర్ని. నా దగ్గరికొచ్చేవాళ్ళు నోరు తెరుస్తారు కానీ మాట్లాడరు.

లోపల ఏదో చర్చా సంఘంవాళ్ళ సభ. మైకు ముందు ఒకమ్మాయి చెలరేగిపోతోంది.

"ఎక్కువ సంపాదించేవాళ్ళు ఎక్కువ రేటున ఇన్‌కమ్ టాక్స్ కట్టాల్సిందే! వందలో పది పోతే లేనివాడు పిల్లలకి పాలు మానిపిస్తాడు. ఉన్నవాడు ఏం మానేస్తాడండీ? కారుకి కొత్త సీటు కవర్లా?"

నాకు ఒళ్ళు మండింది. మొన్ననే టాక్స్ కట్టాను మరి! చెయ్యెత్తేశాను.

"పొద్దస్తమానం నడుం వంచి పనిచేసేది నేను. చేసినకొద్దీ ఎక్కువ లాక్కుంటామంటే సాయంత్రం క్లినిక్ ఎందుకు తెరవాలి? హాయిగా ఇంట్లో పడుకుంటా!"

ఆమె కోప్పడుతుందనుకున్నాను. చప్పట్లు కొట్టింది! బయటికొచ్చాక గొడుగు విప్పుతూ, "ఎంత బాగా మాట్లాడారండీ! మీలాంటివాళ్ళు అరుదు" అంది. తను ఆర్కిటెక్టట. గొడుగులో సగం నాకిచ్చింది. ఆ సగం గొడుగే నా కొంప ముంచింది.

ఆ తర్వాత రోజూ తన మాటలే చెవిలో గింగురుమనేవి. ఒకరోజు ఓ పెద్దాయన వచ్చి కుర్చీలో కూర్చున్నాడు. నిక్షేపంగా బాగుచేయగలిగిన పన్ను. "పీకేయండి బాబూ, అదే చవక" అన్నాడు. డబ్బు తీసుకోకుండానే బాగుచేసి పంపాను. ఇలాంటివాళ్ళందరికీ నేనొక్కణ్ణీ ఏం చేయగలను అనిపించింది.

కాఫీ షాపులో తనతో అదే చెప్పాను. "మీరన్నదే నిజమండీ. నాలాంటివాళ్ళు ఎక్కువ కట్టాలి."

"మీరలాంటివారని నాకు మొదటి రోజే తెలుసు" అంది మురిసిపోతూ.

"ఎలా? ఆ రోజు మీకు ఎదురు మాట్లాడానుగా?"

"అందుకే!"

నాకు ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"నాకు మాత్రం అందరికీ ఒకటే రేటు ఉంటే చాలనిపిస్తుంది" అంది తాపీగా.

"మరి ఆ రోజు మైకు ముందు?"

"మైకు ముందు కదా! అయ్యో, మీకు మా రూలు తెలీదా? నమ్మనిదాని వైపే మాట్లాడాలి. మా నాన్న పెట్టారు. అవతలివాళ్ళ బాధ అప్పుడే తెలుస్తుందట." ఉన్నట్టుండి తన మొహం మాడిపోయింది. "అంటే... మీరు ఆ రోజు నిజంగానే అన్నారా?"

"నిజంగానే. కానీ మీ మాటలు విని మారిపోయాను."

"నేనే నమ్మని మాటలు విని మీరు మారారా!"

అసలెవరు ఎటువైపో తెలియని ఆ అయోమయంలో నా నోరు జారింది. "పోనీ, పెళ్ళి చేసుకుందామా?"

"శనివారం చర్చకి రండి. నాన్న ఎదుటే జవాబు చెప్తాను" అని లేచి వెళ్ళిపోయింది.

శనివారం లైబ్రరీ హాల్లో వాళ్ళ నాన్నగారు గంట కొట్టారు. "నేటి అంశం: మా అమ్మాయి ఈ పళ్ళ డాక్టర్ని చేసుకోవచ్చా?"

తను లేచింది. "చేసుకోకూడదు! టాక్స్ విషయంలో మా ఇద్దరికీ పడదు. గొడుగులో సగమిస్తే ముప్పాతిక ఆక్రమిస్తాడు. ఈ మనిషితో ఒక్క పూట కూడా వేగలేను!"

తల దించుకుని గుమ్మందాకా వెళ్ళాను. చెప్పుల్లో కాలు పెడుతుండగా అప్పుడు వెలిగింది నా బుర్ర. ఒక చెప్పుతోనే మైకు దగ్గరికి పరుగెత్తాను.

"నేనూ వ్యతిరేకమే! ఈ అమ్మాయి లేకపోతే నాకేం లోటు లేదు. అసలు గుర్తే రాదు!"

వాళ్ళ నాన్నగారు మెల్లగా లేచారు. కళ్ళజోడు సర్దుకున్నారు.

"అబ్బాయి బుద్ధిమంతుడు..."

నా పై ప్రాణాలు పైనే పోయాయి. పొగిడారంటే కాదన్నట్టే కదా!

"...అని నేను చచ్చినా ఒప్పుకోను. నా కంఠంలో ప్రాణముండగా ఈ పెళ్ళి జరగదు!"

హాలు దద్దరిల్లిపోయింది. జీవితంలో అంత తియ్యటి తిట్టు నేను వినలేదు.

బయట మళ్ళీ వాన. ఒకటే గొడుగు. ఈసారి నేను బుద్ధిగా సగంలోనే నిలబడ్డాను. తనే దగ్గరికి జరిగి చెవిలో చెప్పింది.

"నువ్వంటే నాకస్సలు ఇష్టం లేదు."

"ఇంకోసారి అనవూ?" అన్నాను.