చిన్న చేపల గంప

"సారూ, చేపల్ని కొలుస్తున్నవా, నన్ను చూస్తున్నవా?"

రేవులో చేపలు పట్టే వర్ష అలా అడిగేసరికి చందు చేతిలోని బొచ్చె చేప జారి కొలతపలక మీద టప్పున పడింది. గట్టు మీద కూర్చున్న ఆమె నానమ్మ మొగిలవ్వ పకపకా నవ్వింది.

చందుది కోరుట్ల. మానేరు జలాశయంలో చేపలెన్నున్నాయో అంచనా కట్టే సర్వేలో ఉద్యోగం. ఎనిమిది రేవులున్నా, మూడు నెలలుగా ప్రతి మంగళవారం తంగళ్ళపల్లి రేవుకే వచ్చేవాడు. అయ్యో పాపం, బండి అటే తిరిగేది మరి!

ఒకరోజు పెద్దసారు లెక్కలు చూసి కనుబొమలెత్తారు. "నీళ్ల నిండా పెద్ద చేపలేనాయె! ఈ ఏడు కొత్తగా చేపపిల్లల్ని నీళ్లల్ల వదలొద్దని రాసెయ్యాల్నా?"

మూడు నెలల్లో ఒక్క చిన్న చేపనైనా కొలవలేదని చందుకు అప్పుడు తట్టింది. ఆ సాయంత్రమే రేవుకు ఉరికాడు.

"వర్షా, చిన్న చేపలేవి?"

ఆమె గోనెపట్టా ఎత్తింది. కింద గంపనిండా జానెడైనా లేని చేపలు.

"ఇంటికచ్చినోళ్లకు మంచియే పెడ్తం గదా! నువ్వస్తవని పెద్దయి ఏరి పెడ్తున్న."

చందుకు ముద్దొచ్చింది, భయమూ వేసింది. "నువ్వు చేపల్ని ఏరినవ్, నేను రేవును ఏరుకున్న. ఇద్దరం కలిసి సర్వేను ముంచినం. పెద్దయే ఉన్నయని ఆఫీసోళ్లు చేపపిల్లల్ని వదలకుంటే వచ్చే ఏడు మీ వలల ఏం పడ్తది? ఇగ చీటీలేస్త. ఏ రేవు పేరస్తే గాడికే పోత."

"మా రేవు రాకుంటే?"

చందు వెళ్లి బండెక్కాడు. వర్ష మొహం తిప్పుకుంది.

ప్రతి సోమవారం కోరుట్ల గదిలో స్టీలు గ్లాసులో ఎనిమిది చీటీలు. ఐదు వారాలు తంగళ్ళపల్లి రాలేదు. వేరే రేవుల్లో చేపలు కొలుస్తున్నా చెవుల్లో ఆమె గొంతే. అన్నం సయించడం లేదు. ఆరో వారం వేలికి చిరిగిన మూల తగిలింది. ఆమె రేవు చీటీ అదేనని తెలుసు. తీస్తే ఎవరికి తెలుస్తుంది? ప్రాణం కొట్టుకుంది. కానీ గ్లాసు బోర్లించి, ఎనిమిదీ కొత్తగా రాసి తీశాడు. మళ్లీ వేరే రేవే.

చివరికి సగటు పొడవు సగానికి పడిపోయింది. చేపపిల్లల్ని వదలాలని ఆఫీసు ఒప్పుకుంది.

ఆదివారం, సన్నటి వానలో, చందు తంగళ్ళపల్లి రేవులో బండి ఆపాడు.

"చీటీ అచ్చిందా?" అడిగింది వర్ష.

"రాలే."

"మరి పలకేది, తక్కెడేది?"

"తేలే. కొలిచేందుకు రాలే. నిన్ను చూడక పానం ఆగుతలేదు, వర్షా. నువ్వంటే నాకిష్టం."

ఆమె తన వెనకున్న గంపను ముందుకు జరిపింది. పెద్దవీ చిన్నవీ కలిసే ఉన్నాయి.

"ఆరు మంగళారాలు గిట్లనే ఏరకుండ పెట్టిన. ఏ వారమస్తవో తెల్వక."

గట్టు మీద మొగిలవ్వ గొడుగు తెరిచింది.

"వానల నిలవడ్డరేంది? నడువుండ్రి, ఇయ్యాల చిన్న చేపల పులుసు."

"అదేందే నానమ్మా! సారుకు పెద్ద చేప..."

"అది చుట్టమై అచ్చినోళ్లకు, బిడ్డా. ఇంటోనికి ఏదుంటే గదే పెడ్తం."